మాట వెనకాల వాన

రేకుల మీద వాన మొదలైతే రికార్డింగు ఆపేయాలి. మా పనిలో ఇది అందరికీ తెలిసిన సంగతే. నేను మాత్రం ఆపను. దేవరాపల్లి వైపు ఒక పల్లెలో ఉన్న ముసలావిడకు మనసులోనే దండం పెట్టుకుని, మైకు ముందు చదువుతూనే ఉంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు నా గొంతు గురించి కాస్త గొప్పలు చెప్పుకోవాలి. ఓర్చుకోండి.

చోడవరంలో నా మొహం తెలిసినవాళ్లు తక్కువ. గొంతు తెలియనివాళ్లు లేరు. పశువులకు టీకాలు, బట్టల దుకాణంలో ఆషాఢం తగ్గింపులు, రెండు రోజులు కుళాయిలు రావన్న కబురు, తప్పిపోయిన గేదె, ఆటో మీద మైకు కట్టుకుని ఏ ప్రకటన వచ్చినా అందులో ఉన్నది నేనే. ఒకసారి బజారులో బెండకాయలు బేరమాడుతుంటే అమ్మే ఆవిడ చటుక్కున తలెత్తి, "మైకులో మాటాడే గుంటవి నివ్వేనేటమ్మా?" అంది. నలభై ఎనిమిదేళ్ల నన్ను చిన్నపిల్లను అన్నట్టు గుంట అన్నందుకు బేరం మానేసి అడిగినంతా ఇచ్చి వచ్చాను.

నా స్టూడియో అంటే మా పెరట్లో రేకుల గది. గోడలకు పాత బొంతలు కొట్టించాను. ఫ్యాను వేస్తే చప్పుడు, ఆపితే చెమట. చదువుతున్నంతసేపూ ఆపే ఉంచుతాను. ఎన్నికలొస్తే రెండు పార్టీలవాళ్లూ ఆ గదికే వస్తారు. పొద్దున్న ఒకరిని గెలిపించమని చదివి, మధ్యాహ్నం భోంచేసి, వారి మీద పోటీ చేసేవారిని గెలిపించమని చదువుతాను. ఊళ్లో ఎవరూ దాన్ని తప్పు పట్టరు. పెళ్లికీ చావుకీ ఊళ్లో డప్పు ఒకటే కదా. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. పొగడ్త ఎంత రాసుకొచ్చినా చదువుతాను, తిట్టు చదవను.

ఇంకో సంగతి చెప్పాలి, నా తప్పంతా ఇందులోనే ఉంది. మేం ప్రకటనను ముక్కలు ముక్కలుగా చదువుతాం. "రైతు సోదరులకు విజ్ఞప్తి" అన్నది ఒకసారి చదివి పెట్టుకుంటే పదేళ్లు వాడుకోవచ్చు. "రేపే ఆఖరు తేదీ", "తరలి రండి", "గెలిపించండి", ఇవన్నీ అలా దాచుకున్న ముక్కలే. కావలసినప్పుడు కంప్యూటర్లో అతికిస్తాం. మాటిమాటికీ నేను అతికించి ఇవ్వడం ఎందుకని, ముక్కలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి మైకుసెట్ల దుకాణానికి ఇచ్చేశాను. అక్కడి కంప్యూటర్లో ఎవరికి కావలసింది వాళ్లు అతికించుకునేవారు. ఒళ్లు బద్ధకానికి తెలివి అని పేరు పెట్టుకుని, ఆ వారమంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆ వేసవిలో మండలం ఎన్నికలు. చెరుకు పండించే కుటుంబం నుంచి ఒకాయన నిలబడ్డాడు. ఆయన కోసం నేను చదివిన మాట, "మన ఇంటి మనిషిని గెలిపించండి." పోలింగుకు నాలుగు రోజులుందనగా ఫోన్లలో ఒక ఆడియో తిరిగింది. "మన ఇంటి మనిషిని... నమ్మకండి. నమ్మి మోసపోకండి." గొంతు నాది. అనుమానమే లేదు, నాదే. ఆ మాటలు నేను ఎప్పుడూ చదవలేదని నాకు తెలుసు, కానీ నా చెవులే నాకు ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి.

మర్నాడు పొద్దున్నే ఆయన పార్టీవాళ్లు వచ్చారు. కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. ఒక కాగితం తీశారు. అవతలి పార్టీవాళ్లు నన్ను బెదిరించి ఆ మాటలు చదివించారని అందులో ముందే రాసి ఉంది. "నీ తప్పేం లేదక్కా, మాకు తెలుసు. ఇక్కడ సంతకం పెట్టు చాలు, వాళ్ల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. నన్నెవరూ బెదిరించలేదన్నాను. "అది మాకు తెలుసు, నీకు తెలుసు" అని నవ్వారు.

సంతకం లేని కాగితంతో వాళ్లు వెళ్లిన గంటకు అవతలివాళ్లు వచ్చారు. వీళ్లు ఇంకా మర్యాదస్తులు. మాడుగుల హల్వా డబ్బా తెచ్చారు. వాళ్ల దగ్గరా కాగితం ఉంది. సానుభూతి కోసం ఆ అభ్యర్థే తన మీద తానే ఈ ఆడియో చేయించుకున్నాడని అందులో రాసుంది. "దొంగ ప్రచారం చేసిందే వాళ్లు. నింద మా మీద వేస్తన్నారు. నువ్వొక్క సంతకం పెడితే అందరికీ తెలిసిపోద్ది మేడం" అన్నారు. కాగితం పట్టుకెళ్లమన్నాను. హల్వా కూడా పట్టుకెళ్లమన్నాను. డబ్బా తిరిగి ఇచ్చేలోపు రెండు ముక్కలు తిన్నానని ఒప్పుకోవాలి. కంగారులో నాకు ఆకలెక్కువ.

రెండు పార్టీలూ ఒకదాని మీద ఒకటి ఎన్నికల అధికారికి ఫిర్యాదు చేసుకున్నాయి. రెండు ఫిర్యాదుల్లోనూ ఉమ్మడిగా ఉన్నది నేనొక్కదాన్నే. మధ్యాహ్నం నాలుగు గంటలకు ఎంపీడీవో ఆఫీసుకు వచ్చి సంజాయిషీ చెప్పాలని కబురొచ్చింది. ఈలోపే బట్టల దుకాణంవాళ్లు ఫోన్ చేసి, వాళ్ల ప్రకటన ఇప్పుడే వద్దులెమ్మన్నారు. ఇంకొకరు నా గొంతున్న పాతవి కూడా తీయించేస్తున్నామన్నారు. మా ఆయన గుమాస్తా ఉద్యోగి, గొడవలంటే పడదు. "ఏదో ఒకదాని మీద సంతకం పెట్టేసి బయటపడు. ఎవరు గెలుస్తారనిపిస్తే వాళ్లదాని మీద పెట్టు" అన్నాడు. ఆయన మీద కోపం వచ్చింది. దానికంటే, ఎవరు గెలుస్తారా అని నేను కూడా ఒక నిమిషం లెక్క వేసినందుకు నా మీద నాకే ఎక్కువ వచ్చింది.

పన్నెండు దాటాక గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి ముసలావిడ దిగింది. మోకాళ్ల కింద దాకా కట్టిన నేత చీర, చేతిలో ఫోను. ఆ అభ్యర్థి తల్లి. వీధిలో నిలబడే మొదలుపెట్టింది.

"ఒసే, మైకుదానా! మా గుంటణ్ని మన ఇంటి మనిసని సెప్పింది నివ్వు. ఆ నోటితోనే నమ్మొద్దని సెప్తావేటి? నీకు అన్నం ఎలగ దిగతందే?"

ఇరుగుపొరుగు గోడల మీదికొచ్చారు. ఊరంతటికీ వినబడే గొంతు ఆ పూట గేటు దాకా కూడా వెళ్లలేదు. "మామ్మా, నేను చదవలేదు. నా పిల్లల మీద ఒట్టు. లోపలికొచ్చి నన్ను కొట్టినా సరే, ఒక్కసారి నా మాట విను" అన్నాను. ఏడ్చాను కూడా. ఆవిడ కాసేపు నన్ను చూసి, "ఏడవకు. మంచినీళ్లియ్యి, ఎండనపడొచ్చేను" అని లోపలికి వచ్చి కూర్చుంది.

నీళ్లు తాగి ఆడియో పెట్టమంది. పెట్టాను. మళ్లీ పెట్టమంది. నాలుగోసారికి కళ్లు మూసుకుంది. అప్పటికి ఆ ఆడియోను ఊళ్లో ఎన్ని వందలమంది విన్నారో తెలియదు. అందరూ విన్నది మాటనే.

"ఎనకాల వాన పడతంది" అంది.

నాకు అర్థం కాలేదు. ఫోన్లో గరగర అది మామ్మా అన్నాను.

"గరగర కాదు. రేకుల మీద వాన. మా పశువుల సాలకి రేకులే, నాకెరుక లేదేటి? మన ఇంటి మనిసిని అన్నప్పుడు వాన లేదు. నమ్మకండి అన్నప్పుడు ఉంది. ఈ ఎండల్లో వాన ఎక్కడిదే నీకు?" అని ఒక్క క్షణం ఆగి, తొడ మీద చరుచుకుని నవ్వడం మొదలెట్టింది. "ఓసి నీ అమ్మ కడుపు సల్లగుండ! ఆ వానే ఇది!"

జరిగిందిదీ. కిందటేడు విత్తనాల కాలంలో వాళ్ల వీధిలోకి మైకు ఆటో వచ్చిందట. ఆవిడ ఇంటి వెనక పనిలో ఉంది. వాన చప్పుడు వినబడింది. ఎండబోసిన విత్తనం వడ్లు తడిసిపోతాయని పరుగెత్తుకొచ్చి, కోడలిని కేకేసి, వడ్లన్నీ వసారాలోకి ఎత్తించింది. తీరా చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. వాన మైకులో పడుతోంది. "అప్పుడు నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేను. మళ్లీ ఒడ్లన్నీ బయట పోసుకున్నాం. పోసుకుంటా ఆ మాటలన్నీ ఇన్నాను. వేన్ల మీద తెచ్చి అమ్మే ఇత్తనాలు నమ్మకండి, నమ్మి మోసపోకండి అన్నావు. నిజిమే గదాని కొన్లేదు. కొన్నోలకి మొలకే రాలేదు. నీ మాటినే బాగుపడ్డానే."

నేను గదిలోకి పరుగెత్తాను. పాత ఫైళ్లలో నకిలీ విత్తనాల ప్రకటన ఉంది. పెట్టాను. వానతో సహా వచ్చింది. ఆరోజు ప్రకటన అర్జంటని, చప్పుడు పడుతున్నా ఎవరు వింటారులే అని కానిచ్చేశాను. ఆ రెండు మాటలనే ఎవడో కత్తిరించి, ఆయన ప్రచారం మాటకు అతికించాడు. వాడికి ముక్కలన్నీ సిద్ధం చేసి పెట్టింది మాత్రం నేనే.

నాలుగు గంటలకు నాతోపాటు ఆవిడ కూడా ఆఫీసుకు వచ్చింది. అధికారి గదిలో ఒక గోడకు ఈ పార్టీ, ఎదుటి గోడకు ఆ పార్టీ నిలబడి ఉన్నాయి. ఈ పార్టీ ముందు అభ్యర్థి స్వయంగా ఉన్నాడు. రాసిన కాగితం ఆయన చొక్కా జేబులోంచి కనబడుతూనే ఉంది. నేను రెండు ఆడియోలూ వినిపించాను. ముక్కలన్నీ దుకాణానికి ఇచ్చింది నేనేనని, అది నా పొరపాటేనని చెప్పాను. ఎవరు అతికించారో తెలియదన్నాను.

వెంటనే రెండు గోడలూ లేచాయి. వాళ్లే చేశారని వీళ్లు, వీళ్లే చేసుకున్నారని వాళ్లు. కొడుకు నా వైపు తిరిగి, "తెలీదంటే ఎలాగమ్మా? మా పరువు పోయింది. ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా" అన్నాడు.

ముసలావిడ లేచి నిలబడింది. "బాబూ, పరువు పోయింది నాకూ. ఇందాక ఈ గుంటని వీదిలో ఎట్టి తిట్టింది నానే. గొంతు దీనిదే, మాట దీనిది కాదు. ఎవులు సేసేరో దీనికి తెలీదు. తెలీనిది సెప్పమనకు. నీ మీద అబద్దం ఆడేరని వచ్చేం గదా, మళ్లీ ఇంకోల మీద అబద్దం మోసుకెల్తామేటి? ఆ కాయితం లోపలికి తోసుకో."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా కాగితం మడిచి జేబు అడుక్కి తోసుకున్నాడు. ఎదుటి గోడవాళ్లు నవ్వబోయారు. ఆవిడ వాళ్ల వైపు చూసింది. "మీ కాయితం కూడా బాబూ" అంది. వాళ్ల దగ్గర కాగితం ఉందని ఆవిడకు నేను చెప్పలేదు. ఎనభై ఏళ్లు బతికినవాళ్లకు చెప్పక్కరలేదు కాబోలు.

పాత రికార్డింగులోంచి కత్తిరించి అతికించినదని అధికారి రాసుకుని, ఆ ఆడియో ఎవరూ పంపకూడదని రెండు పార్టీలకూ గట్టిగా చెప్పాడు. నన్ను ఇంటికి వెళ్లమన్నాడు. బయట మెట్ల మీద ఆవిడ చేతులు పట్టుకున్నాను. ఆటోకి తోడు వెళ్తానంటే వద్దంది.

ఆయన ఓడిపోయాడు. ఫలితం విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ సంతకం పెట్టి ఉంటే గెలిచేవాడేమో అనిపించింది. మర్నాడు బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను. ఆవిడ పశువులకు చెరుకు ఆకు వేస్తోంది. నేను ఏడుపు మొహంతో మొదలుపెట్టబోతే, "ఓడిపోయేడు. ఇంటికొచ్చేడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు. అదేటి సావా?" అంది. అన్నం పెట్టి గాని పంపలేదు. నాకు ఆవిడ చేసిన మేలుకు నేను ఏ రకంగానూ బదులివ్వలేను, ఇవ్వాలని ఆవిడకు తట్టను కూడా తట్టలేదు.

బట్టల దుకాణంవాళ్లు తిరిగి వచ్చారు. ముక్కల పెన్‌డ్రైవ్ ఇప్పుడు మా బీరువాలో ఉంది. ఇరవై ఏళ్లపాటు నేను ఊరితో మాట్లాడుతున్నాననుకుంటూ, ఊరు వినదనే నమ్మకంతో చదివాను. ఇప్పుడు ఏది చదివినా ఆవిడకు చెబుతున్నట్టే చదువుతాను, గేదె తప్పిపోయిన ప్రకటన అయినా సరే.

మొన్న జూన్‌లో మళ్లీ విత్తనాల ప్రకటన వచ్చింది. చదువుతుండగా రేకుల మీద వాన అందుకుంది. నేను ఆపలేదు. రెండో రోజు పొద్దున్న ఫోన్ మోగింది.

"ఒసే గుంటా, మీ కాడ వాన పడిందేటి?" అంది ఆవిడ. "నానీసారి ఒడ్లు ఎత్తలేదులే. నీ గొంతు ఇని ఊరుకున్నాను."