పదమూడు ఇళ్ళూ ఆడవాళ్ళ పేరనే

మొన్న ఇంటి కాగితం నకలు కోసం జగదల్‌పూర్ పురపాలక కచేరీకి వెళ్ళాను. గుమాస్తా బస్తరు సంస్థానం నాటి దస్త్రం విప్పి, ఒక పేజీ మీద వేలు పెట్టి, "ఏం అమ్మా, మీ టోలాలో మగవాళ్ళు ఉండేవారు కారా?" అని హిందీలో అడిగి నవ్వాడు. పదమూడు ఇళ్ళు, పదమూడూ ఆడవాళ్ళ పేర్లు. ఉండేవారు నాయనా, ఒక్కొక్కరూ ఇంటి దూలమంత ఉండేవారు. ఆ పేర్లు రాసిన రోజు మాత్రం లేవకూడని చోట కూర్చుని ఉన్నారు.

మాది అప్పుడు పట్నంలో భాగం కాదు. ఇంద్రావతి ఒడ్డున, జగదల్‌పూర్‌కు కోసెడు దూరంలో, కోంటా వైపు నుంచి ఉప్పు బండ్లు తోలుకొచ్చి నిలిచిపోయిన తెలుగువాళ్ళ చిన్న ఊరు, ఇక్కడివాళ్ళ మాటలో టోలా. చుట్టూ హల్బీ, సంతలో హిందీ, ఇంట్లో మేము తెలుగనుకునే భాష. మా అమ్మమ్మ ఒకే మాటలో మూడింటినీ కలగూరగంప చేసేది, బేరం మాత్రం ఏ భాషలోనూ వదులుకునేది కాదు. ఊరు కట్టగానే మావాళ్ళు చేసిన మొదటి పని నడిమధ్య బొడ్రాయి పాతడం. కొన్నేళ్ళకొకసారి ఆ రాయికి పండుగ. ఆ రోజు ఊరి చుట్టూ పొలి చల్లుతారు, అంటే బలి రక్తం కలిపిన అన్నం. ఆ గీత పడ్డాక పొద్దు గుంకేదాకా బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. ఇంటిపెద్దలు రాయి చుట్టూ ఉపవాసంతో కూర్చుంటారు, దాని ముందు పెట్టిన దీపం కొండెక్కేదాకా లేవరు. ఇందులో ఏది తప్పినా ఊరు నిలవదని నమ్మకం.

నా ఎనిమిదో ఏట సరిగ్గా ఆ మధ్యాహ్నమే సంస్థానంలో భూములు కొలిచే అమీను దిగాడు, కొలత గొలుసు మోసే ఇద్దరు మనుషులతో. పట్నం ఇటువైపు పెరుగుతోందట. ఏ ఇల్లు ఎవరిదో రాసుకుపోతాడట. రాయని ఇల్లు ఖాళీ జాగా కింద లెక్క, దాని మీదుగా కొత్త సడక్ పోతుంది. రేపు రమ్మంటే, రేపటికి కాగితం దర్బారులో ఉండాలన్నాడు. ఆయన చెప్పు గీతకు జానెడు దూరంలో ఆగింది. అమ్మమ్మ పొలి గంపతో అడ్డం నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

"ఆడనే ఆగు సాబ్. గీత దాటితే మా ఊరు పోతది."

"రాయకపోయినా పోతుంది," అన్నాడాయన హిందీలో, విసుగ్గా. "మగవాళ్ళను పిలువు."

"ఆళ్ళు లేవద్దు. నువ్వు ఆడనే కూసొని రాసుకో. మేమే వస్తం."

పదమూడు ఇళ్ళ ఆడవాళ్ళూ వచ్చి గీతకు లోపల వరసగా నిలబడ్డారు. అమీను కలం ముంచి "మాలిక్ పేరు?" అన్నాడు, అంటే ఇంటి యజమాని పేరు. అక్కడే వచ్చింది చిక్కు. పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మావాళ్ళ భయం. పోనీ ఒకరి బదులు ఒకరు చెబుదామా అంటే, ఊరంతా చుట్టరికమే. ఒకామె మగడు ఇంకొకామెకు బావో మామో, ఆ పేర్లూ అనకూడనివే. "మా పెద్దోని అయ్య," అంది మా మేనత్త. "ఏ పెద్దోడు?" అని అరిచాడు అమీను. పొద్దు వాలుతోంది. నాకు తాత పేరు తెలుసు. చెబుదామని నోరు తెరిచేసరికి అమ్మమ్మ అరచెయ్యి నా నోటికి అడ్డం పడింది. పెద్దల పేరు పిల్లలు అనకూడదనా, మరేదైనా ఆలోచించా, ఇప్పటికీ నాకు తెలియదు. అమీను దస్త్రం మూసేశాడు. గొలుసు మనుషులు లేచారు.

"రాసుకో సాబ్," అంది అమ్మమ్మ. తన పేరే చెప్పింది. అంతవరకూ ఆమెకు ఒక పేరుందని నాకు తెలియదు. ఆమె వెనక తక్కిన పన్నెండుమందీ గొంతు సవరించుకున్నారు. అమీను పడమటికేసి ఒకసారి చూసి, తల కొట్టుకుని, రాసుకున్నాడు.

సంగతి తెలిశాక తాత మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడిన మొదటి మాట "నా ఇంట్లనే నేను చుట్టాన్నయిన" అని. రెండేళ్ళలో మా పక్కగా సడక్ పడింది, దాని వెంట షావుకార్లు వచ్చారు. పక్క టోలా మగవాళ్ళు ఇప్పసారా మత్తులో అమ్మకం కాగితాలకు వేలిముద్రలు వేసి, నెల తిరిగేసరికి అడవి దారి పట్టారు. మా తాత కూడా ఇల్లు అమ్ముతానని ఒక షావుకారుకు మాటిచ్చి ఇంటికి తీసుకొచ్చాడు. కాగితానికి కావలసింది తన వేలు కాదని అప్పుడు గుర్తొచ్చింది. అమ్మమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టేసుకుంది.

"వేలు నాది. ఇయ్య."

తాత చెయ్యెత్తాడు. అంతవరకూ ఆయన ఆమెను కొట్టగా నేను చూడలేదు. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే నిలిచి, చివరికి తలపాగా సర్దుకుంది.

సంస్థానం పోయే ముందు మరోసారి పండుగ చేశారు. అమ్మమ్మ పొలి గంపతో బయల్దేరింది, నేను వెంట వెళ్ళాను. ఎవరూ ఆగలేదు. సంతకు పోయేవాళ్ళు గీత తొక్కుకుంటూ పోయారు, చల్లిన అన్నం బండి చక్రాల కింద నలిగింది. "ఎల్ల యాడున్నదే?" అని అడిగింది. చుట్టూ చూశాను. కొత్త దుకాణాలు, కొత్త గోడలు. ఆమె మిగిలిన అన్నం మా గడప ముందే దిమ్మరించి లోపలికి వెళ్ళిపోయింది. ఇళ్ళు పదమూడూ దక్కాయి, ఊరు దక్కలేదు. ఆ తేడా తెలియడానికి ఆమెకు నాలుగైదేళ్ళు పట్టింది, నాకు జీవితమంతా పట్టింది.