అధిక శ్రావణం, రాజేశ్వరి మేడం

రాయదుర్గం మెట్రోలో పక్కవాళ్ల ఫోన్‌లో గుడిగంట మోగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అది నేను మొదట పనిచేసిన పంచాంగం యాప్ శబ్దం. వెంటనే రాజేశ్వరి మేడం గుర్తొస్తారు. కర్నూలు మనిషి, నా మొదటి టీమ్ లీడ్. తేదీ తప్పని ఎవరు ఫిర్యాదు చేసినా మెయిలుతో సరిపెట్టనిచ్చేవారు కాదు, ఫోన్ చేయించేవారు. ఇంజినీరింగ్ చదివింది కాల్ సెంటర్‌లో కూర్చోవడానికా అని నేను గొణిగితే, "అక్కడైనా పనికొస్తావో లేదో చూద్దాంలేప్పా" అనేవారు.

ఒక శ్రావణమాసంలో పుప్పాలగూడ నుంచి యాదగిరి అనే ఆయన ఫిర్యాదు వచ్చింది. నీళ్ల ట్యాంకర్లు నడుపుతాడు. వాళ్ల నాన్న తద్దినం ఎప్పుడని చూస్తే మా యాప్ ఎన్నో ఏళ్ల అవతలి తేదీ చూపించిందట. లెక్క మాత్రం తప్పు కాదు. చాంద్రమానంలో రెండు మూడేళ్లకోసారి ఒక నెల అదనంగా వస్తుంది. ఒకే పేరుతో ముందు అధికమాసం, తర్వాత నిజమాసం. ఆ పెద్దాయన పోయింది అధిక శ్రావణంలో. మళ్లీ అధిక శ్రావణం ఎప్పుడొస్తుందో మా ప్రోగ్రాం వెతికి నిజాయితీగా చెప్పింది. టెస్టులన్నీ పాసయ్యాయి, సాయంత్రం యాప్ కొత్త వెర్షన్ రిలీజ్. "లోపం లేదు" అని రాసి ఆ ఫిర్యాదు టికెట్ మూసేయబోతుంటే మేడం ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు.

"ఆ తేదీ కరెక్టేనండి," అన్నాను.

అవతల ట్యాంకర్ నిండుతున్న చప్పుడు. "గట్లైతే అప్పటిదాక మా నాయినకు బువ్వ పెట్టొద్దా సార్? ఎప్పుడూ చెప్పే అయ్యగారు ఊర్ల లేడు. మీ దాంట్ల జూస్తే గిట్లున్నది."

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. వాడలేదు.

మేడం రిలీజ్ ఆపేసి, పుట్టింటి పురోహితుడిని అడిగారు. అధిక శ్రావణం లేని ఏడాదుల్లో తద్దినం మామూలు శ్రావణంలోనే, అదే తిథికి పెట్టాలన్నాడాయన. తిథి చూస్తే ఎల్లుండే. కోడ్‌లో మార్చాల్సింది చిన్న షరతు. దాన్ని మేనేజర్‌కు వివరించడానికే ఎక్కువసేపు పట్టింది. ఒక్క యూజర్ కోసం రిలీజ్ ఆపుతారా అన్నాడు.

"ఆ ఒక్కనికి ఉండేది ఒక్క నాయన," అన్నారు మేడం.

సినిమాలో అయితే ఇక్కడ చప్పట్లు. మా దగ్గర ఆవిడకు రేటింగ్ తగ్గించారు. నేను ఫోన్ చేసి తేదీ చెబితే, యాదగిరి థాంక్స్ కూడా చెప్పకుండా పెట్టేశాడు. కూరగాయలకు పోవాలట.

ఇప్పుడు నేనే లీడ్‌ని, హోటల్ గదుల యాప్‌లో. తేదీ తప్పని టికెట్ వస్తే మా టీమ్ చేత ఫోన్ చేయిస్తాను. అవతలివాళ్లు సగం మంది తిడతారు. ఇవతలివాళ్లు నా వెనక ఏమనుకుంటారో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. మేడం వెనక అవన్నీ అన్నది నేనే.