బయటి గడియ

వీధి చివర కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. మెత్తటి మనిషి. నోట్లో వేలు పెట్టినా కొరకడంటారే, ఆ బాపతు. నెలకోసారి, నిండు చందమామ వచ్చే సాయంత్రం మాత్రం కొట్టు పెందలాడే మూసేసి, ఇంటి వెనక గదిలోకి వెళ్ళి కూర్చునేవాడు. ఆయన అక్క బయట తాళం వేసేది. చందమామ పైకొచ్చేసరికి లోపల ఆయన ఉండడు, తోడేలు ఉంటుంది. మాట పోతుంది, మనసు సగం మిగులుతుంది. ఏ సగమో ముందుగా తెలియదు. ఈ సంగతి అక్కకు తప్ప మరొకరికి తెలియదు.

చిన్నప్పుడు ఆయన్ని తండ్రి కొట్టేవాడు. తోడేలు కాబట్టే కొట్టాడేమో అనుకునేరు. అబద్ధం! తోడేలు వచ్చింది మీసాలు మొలిచే వయసులో. దెబ్బలు పాలపళ్ళు ఊడకముందే మొదలయ్యాయి. ముందు బెల్టు, ఆ తర్వాత మెట్లకింద సామాన్ల గది, బయట గడియ. "నువ్వు మనిషివి కాదురా" అని కన్నతండ్రే రోజూ అంటుంటే ఏ పిల్లాడు మాత్రం నమ్మడు? గోడలకు చెవులుంటాయంటారు. ఆ వీధిలో గోడలకే ఉండేవి, మనుషులకు లేవు. పిల్లాడి కేక వినబడగానే కిటికీలు ఒకటొకటిగా మూసుకునేవి. తెల్లారాక కమిలిన చెంప చూసి, "పడ్డావా నాయనా?" అని వాళ్ళే అడిగి, వాళ్ళే తల ఊపుకునేవాళ్ళు. ఛీ, ఏం మనుషులో!

అలా పెరిగినవాడికి మంచీ చెడూ ఎవరు నేర్పుతారు? తండ్రి పోయాక తనంతట తనే ఒక నియమం పెట్టుకున్నాడు: తన చెయ్యి ఎవరిమీదా లేవకూడదు. పెళ్ళి వద్దన్నాడు. ఆయనకు తోడేలంటే అంత భయం లేదు. తనలో తండ్రి ఉన్నాడేమోనని భయం. ఎక్కడైనా గొడవ జరుగుతుంటే తలవంచుకుని తప్పుకునేవాడు. అదే మంచితనమనుకున్నాడు. ఆ తప్పుకోవడం వీధి దగ్గరే నేర్చుకున్నానని పాపం ఆయనకు తట్టలేదు.

ఒక పౌర్ణమినాడు పొద్దున్నే పక్కింటి టైర్ల కొట్టాయన పిలిచాడు.

"ఈ సామాన్ల గది గడియ వదులైపోయింది. గట్టిది బిగించండి."

"లోపలికా?"

"కాదు, బయటికి."

ఆ గదిలో దొంగ ఎత్తుకుపోయేదేమీ లేదు. విరిగిన కుర్చీ, పాత బకెట్, అంతే. తలుపుకు లోపలివైపు రంగు గీరుకుపోయి ఉంది, తాళాలాయన నడుము ఎత్తులో. వెనకనుంచి టైర్లాయన కూతురు, తల్లి లేని పిల్ల, చూస్తూ నిలబడింది.

తాళాలాయనకు సంగతి అర్థమైంది. నేను చెయ్యనంటే ఇంకొకణ్ణి పిలుస్తాడు, అనుకున్నాడు. మింగలేక కక్కలేక, పనివాడు చేయకూడని మోసం చేశాడు: గడియకు పొట్టి మరలు వేశాడు. చూడ్డానికి బలంగానే ఉంటుంది, గట్టిగా తోస్తే ఊడి వస్తుంది. టైర్లాయన అటు తిరగగానే వంగి, "లోపల్నుంచి తొయ్యమ్మా, ఊడిపోతుంది," అని పిల్ల చెవిలో చెప్పాడు.

సాయంత్రం వెనక గదిలో కూర్చున్నాడు. చందమామ ఇంకా రాలేదు. గోడ అవతల బెల్టు చప్పుడు, ఏడుపు, గడియ పడిన చప్పుడు. "తొయ్యి తల్లీ," అనుకున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, తలుపు మీది గీతలన్నీ పాతవే. ఈమధ్య గీరడం కూడా మానేసిందన్నమాట. తోస్తే రెండింతలు పడతాయని నేర్చుకున్న పిల్ల, తలుపు బార్లా తెరిచిపెట్టినా బయటికి రాదు. వీధిలో ఒక కిటికీ మూసుకుంది, ఆ వెనకే ఇంకొకటి.

"అక్కా, తాళం వెయ్యకు."

"మతిపోయిందా? జనం చంపేస్తార్రా నిన్ను!"

"వస్తారుగా. అదే కావాలి. పిల్ల ఏడిస్తే రారు, తోడేలొస్తే వస్తారు."

"మనకెందుకురా? ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు." ఆ మాట అనేశాక అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాన్న నిన్ను లోపల పెట్టినప్పుడు కూడా గడియ నా చేతికందేదిరా," అంది ఏడుస్తూ. "అందేది. తియ్యలేదు."

అక్క కళ్ళు తుడుచుకుని, వెళ్ళి వీధి తలుపు తెరిచింది.

చందమామ పైకొచ్చాక తోడేలు వీధి మధ్య నిలబడి ఊళ వేసింది. అబ్బో, ఏం హడావుడి! ఆ వీధి తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. కర్రలు, గునపాలు, టార్చిలైట్లు. తోడేలు పక్కింట్లోకి దూకింది, జనం వెంటపడ్డారు. బెల్టుతో అడ్డం వచ్చిన టైర్లాయన్ని గోడకు పడదోసింది. అతని మెడ దాని నోటికి అందేంత దగ్గర. కొరకాలని ఉంది, ఎంతో ఉంది. పళ్ళు చర్మాన్ని తాకాయి కూడా. వదిలేసి, సామాన్ల గది గడియ నోట కరుచుకుని లాగింది. మరలు ఊడి కిందపడ్డాయి.

తలుపు తెరుచుకుంది. విరిగిన కుర్చీ పక్కన ముడుచుకున్న పిల్ల, వీపంతా వాతలు. టార్చిల వెలుగంతా ఆ పిల్లమీదే. చూడలేదని చెప్పుకోవడానికి ఇక ఎవరికీ వీల్లేదు. లేచిన కర్రలు అలాగే ఆగిపోయాయి. తోడేలు గుమ్మంలో పడుకుని కళ్ళు మూసుకుంది.

"ఇలా రా తల్లీ," అంది ఎదురింటావిడ, ప్రేమగానే. "భయపడకు. మేమందరం ఉన్నాంగా."

పిల్ల ఆ ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. అందరూ తెలిసినవాళ్ళే. చూసి, వెళ్ళి తోడేలు వెనక దాక్కుంది.