అవునండీ బాబాయి ఆకలి

నా కుట్టుమిషను షాపుకీ బాబాయి కటింగ్ షాపుకీ మధ్య ఒక్క చెక్కగోడే అడ్డం. అక్కడ దగ్గితే ఇక్కడ వినిపిస్తుంది. సొంత బాబాయి కాదులెండి, కానీ అంతకంటే ఎక్కువే.

అందరూ ఆయన్ని అవునండీ బాబాయి అంటారు. కుర్చీలో కూర్చున్న మనిషి ఏమన్నా ఆయన నోట వచ్చేది అదొక్కటే. ఎండ మండిపోతుంటే ఒకాయన చలేస్తోందన్నాడని, అవునండీ అని ఫ్యాను కట్టేసిన మనిషి! అదేంటి బాబాయ్ అంటే, "వాళ్ల గొంతు మీద నా కత్తి ఉంటుంది కదమ్మా. అప్పుడు వాదన పెట్టుకుంటే వాళ్లకి గుండె జారదూ?" అన్నాడు.

పిన్ని పోరు పడలేక రక్తం పరీక్ష చేయించుకున్నాడు. ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు బాగా ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ తక్కువ, షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తీపి టీలు మానండి, అన్నం తగ్గించండి, నడవండి, మూడు నెలలకి రండి అని పంపేసింది డాక్టరమ్మ. ఇంతేనా, ఇంకేమైనా దాస్తోందా అని ఈయనకి ఒకటే గుబులు. షాపుకొచ్చిన ప్రతివాణ్ణీ ఏం తినాలో అడగడం మొదలుపెట్టాడు.

పొద్దున జిమ్ మాస్టరు కూర్చున్నాడు. "అన్నం, రొట్టె, పప్పు, పళ్లు, దుంపలు పూర్తిగా మానెయ్ బాబాయ్. గుడ్లు, మాంసం, వెన్న లాగించు. నా ట్రైగ్లిజరైడ్స్ సగానికి పడిపోయాయి."

"అవునండీ."

సాయంత్రం లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఆయనకి గుండెలో స్టెంటు ఉంది. "నూనె చుక్క ముట్టకయ్యా. వెన్న, మాంసం, గుడ్డు పచ్చసొన దగ్గరికి రానివ్వకు. అన్నం, పళ్లు తిను. నా చెడ్డ కొలెస్ట్రాల్ దిగింది అలాగే."

"అవునండీ."

ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కారు. చిక్కంతా అక్కడే. పైగా గడ్డానికి వచ్చినప్పుడల్లా మానేశావా అని అడుగుతారు. కత్తి పట్టుకుని అబద్ధమాడటం బాబాయి వల్ల కాదు. అందుకని ఆయన వద్దన్నవీ మానేశాడు, ఈయన వద్దన్నవీ మానేశాడు. ఇంకేం మిగిలింది? దోసకాయ ముక్కలు, ఉడికించిన క్యాబేజీ, గుడ్డులో తెల్లసొన.

"మీరు తింటున్నారా, మేస్తున్నారా?" అంది పిన్ని.

ఇక మనిషి నిలిస్తే ఒట్టు. సర్దిన దువ్వెనలే మళ్లీ సర్దుతాడు. కుర్చీలో ఎవరూ లేకపోయినా కత్తెర ఆడిస్తూ ఉంటాడు. గోడ తట్టి టైమెంతైందమ్మా అంటాడు, చెప్పిన కాసేపటికే మళ్లీ తడతాడు. ఆ కంగారు నాకూ అంటుకుని, జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేశాను.

ఓ రోజు మాస్టారికి గడ్డం చేస్తుంటే చెయ్యి వణికి, చెవి కింద తెగింది. పటిక అద్దాడు. మాస్టారు డబ్బులిచ్చి వెళ్లిపోయారు. మర్నాడు ఎదురుగా ఉన్న కొత్త కటింగ్ షాపులోకి వెళ్లారు. బాబాయి గుమ్మంలో నిలబడి చూశాడు. చూసి, కత్తి తీసి సొరుగులో పెట్టేశాడు.

"చెయ్యి పోయిందమ్మాయ్. ఇంకేం పని చేసి బతకను?"

నేనే పిన్నికి కబురు పెట్టాను. క్యారేజీ పట్టుకుని విసురుగా వచ్చింది. సరాసరి కుర్చీలో కూర్చుని, తెల్లగుడ్డ తనే మెడకి చుట్టుకుంది.

"ఇదేంటే?"

"ఇప్పుడు కుర్చీలో ఉన్నది నేను. ఇందులో ఉన్నది తిని, నాతో డాక్టరమ్మ దగ్గరికి వస్తున్నారు. ఏమంటారో అనండి."

బాబాయి అద్దంలోకి చూడటం చెక్కల సందులోంచి కనిపించింది. "అవునండీ" అన్నాడు, పెళ్లాన్ని పట్టుకుని! గోడకి ఇవతల నేను నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.

డాక్టరమ్మ ఏమందో పిన్ని పూసగుచ్చినట్టు చెప్పింది. ఇద్దరు చెప్పిన దాంట్లోనూ నిజముందట. తీపీ అన్నమూ తగ్గిస్తే ట్రైగ్లిజరైడ్స్ దిగుతాయి, కానీ వాటి బదులు వెన్న ముద్దలు మింగితే కొందరికి చెడ్డ కొలెస్ట్రాల్ పైకి పోతుంది. వెన్నలాంటి కొవ్వు తగ్గిస్తే చెడ్డది దిగుతుంది, కానీ ఆ ఖాళీ తీపితో, అన్నంతో నింపితే ట్రైగ్లిజరైడ్స్ ఎగబాకుతాయి. "రెండూ కలిపి కడుపు మాడ్చుకోమని ఎవరన్నారు? అన్నం కొంచెం, కూరలు, పప్పు, చేప, గింజలు, కాస్త నూనె. ఏళ్ల తరబడి తినగలిగేదే తినండి" అందట.

"మరి వాళ్లిద్దరికీ ఏం చెప్పనండీ?" అన్నాడట ఈయన.

"అది నేను చదువుకోలేదండీ" అందట ఆవిడ.

కొన్నాళ్లు సరిగ్గా తిన్నాక కత్తి సొరుగులోంచి బయటికొచ్చింది. ముందుగా కూర్చున్నది జిమ్ మాస్టరే.

"ఏం బాబాయ్, అన్నం ముట్టట్లేదు కదా?"

అవతల కత్తి ఆగింది. ఇవతల నా మిషను ఆగింది.

"కాదండీ. కొంచెం తింటున్నాను."

జిమ్ మాస్టరు, "సరే, గడ్డం కానియ్" అన్నాడు. కత్తి బరబరా ఆగకుండా సాగిపోయింది.

ఆయన అలా వెళ్లాడో లేదో, బాబాయి నా గుమ్మంలో ప్రత్యక్షం. చూపంతా ఎదుటి షాపు మీదే.

"మాస్టారు ఇటేమైనా చూశారా అమ్మాయ్?"

"లేదు బాబాయ్."

కుడిచెయ్యి నా ముందు చాపాడు. "ఇది చూడు. వణుకుతోందా?"

"లేదు బాబాయ్."

"ఊరికే అనకు. సరిగ్గా చూడు" అని, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ చాపాడు.