మామ్మ ఇచ్చిన వేరు

పట్టిసీమ గట్ల మీద మొక్కలు ఏరి మా ల్యాబుకు తెచ్చే మామ్మ, ఏ వేరునైనా కళ్లకద్దుకునే ఇచ్చేది. ఒక వేరు రసానికి గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాలు చచ్చాయి. "మామ్మా, మీ వేరు క్యాన్సర్‌ని చంపేసింది" అని ఆ సంబరంలోనే ఫోన్ చేశాను.

తర్వాత నేనే తవ్వి తెచ్చిన అదే మొక్క వేరుకు ఒక్క కణమూ చావలేదు. తేడా ఎక్కడుందో చూద్దామని వెళ్తే, మామ్మ వేర్లను పసుపునీళ్లలో నానబెడుతోంది.

"ఇదేంటి మామ్మా?"

"ప్రాణం నిలబెట్టే మొక్కండి. పసుపు తగలకుండా పంపుతామా?"

పళ్లెంలో కణాలను చంపింది ఆ పసుపేనని, ఒంట్లో అది అలా పనిచేయదని, వేరులో ఏమీ లేదని చెప్పాను.

ఆమె చేయి నీళ్లలోనే ఆగిపోయింది.

"మీ ఫోనొచ్చిన రోజు నుంచి మా అమ్మాయికి ఆ వేరే అరగదీసి తాగిస్తున్నానండి. కీమోకి వెళ్లొద్దని నేనే ఆపేశాను."