మల్లెపువ్వా, మామిడిపండా

ఇన్నేళ్ళుగా గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. పైకి కనబడదు. ఎవరిని అడిగినా నన్ను తల ఎత్తుకు తిరిగే మనిషనే అంటారు. నిజమే. గర్వం నాకు పుట్టుకతో వచ్చింది, మీ దగ్గర దాచను.

చిన్నప్పుడు చంద్రగిరిలో మా వీధి ఆడపిల్లల చెడుగుడుకు నాయకురాలిని నేనే. జట్లు పంచుకోవడానికి ఇద్దరిద్దరుగా దూరం పోయి, గుట్టుగా ఒకరు పువ్వు పేరు, ఇంకొకరు పండు పేరు పెట్టుకొని వచ్చేవాళ్ళు. "మల్లెపువ్వు కావాల్నా, మామిడిపండు కావాల్నా?" అని వంతు వచ్చిన నాయకురాలిని అడిగేవాళ్ళు. కోరుకున్న పేరు ఎవరిదైతే వాళ్ళు మన జట్టు, రెండోవాళ్ళు అవతలి జట్టు. అంతా అదృష్టమే అనుకునేవాళ్ళు. నేను మాత్రం గట్టిగా ఆడేవాళ్ళకు ముందే చెప్పిపెట్టాను, నా వంతుకు వస్తే పండు పేరే పెట్టుకోండని. ఇక నాకు ఓటమెక్కడిది? "దీని చెయ్యి మంచిది" అని వీధంతా అంటుంటే ఎంత పొంగిపోయానో! కొన్నాళ్ళకు నేనూ నమ్మేశాను.

పక్కింటి నూర్జీ నాకంటే చిన్నది, ఆట అంతంతమాత్రం. ఎప్పుడూ అవతలి జట్టుకే పోయేది, ఆ జట్టే ఓడేది. ఒకరోజు నా దగ్గరకొచ్చింది.

"నేను యాడుంటే ఆ పక్కే ఓడిపోతాది గదక్కా. నాలోనే ఏమో ఉండాది."

"ఉండాదేమో. ఇంక నువ్వు ఆడొద్దులే" అన్నాను.

ఎందుకన్నాను? దొంగాట బయటపడితే నా గెలుపు పోతుంది, అది తప్ప ఇంకే కారణమైనా ఉందా అని ఎన్నిసార్లు వెతుక్కున్నా దొరకలేదు. ఆ తర్వాత నూర్జీ ఆటకే కాదు, నలుగురు చేరే ఏ చోటికీ రాలేదు.

ఇప్పుడు తిరుపతిలో నాకు సొంత టైలరింగ్ షాపు ఉంది. పడి లేచి సంపాదించుకున్నది, ఆ గర్వం న్యాయమైనదే. మొన్న నూర్జీ తన కూతుర్ని వెంటబెట్టుకొని, దానికి బట్టలు కుట్టించడానికి షాపుకొచ్చింది. పిల్లను బడిలో కబడ్డీ జట్టుకు ఎంచుకున్నారట. నూర్జీ వద్దంటోంది.

"నా రాత దానికీ తగిలి, ఆ బిడ్డలంతా ఓడిపోతారక్కా. నువ్వైనా చెప్పు."

పిల్ల నా మొహంలోకి చూసింది. "ఆడనీలే" అన్నాను. ఎందుకు ఆడనివ్వాలో మాత్రం చెప్పలేదు. టేపు తీసి కొలతలు తీసుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అడగడం నాకు చేతకాదు. ఆ పిల్ల ఆడుతోందో లేదో కూడా తెలియదు. నన్ను గెలిపించింది నా చెయ్యి కాదు. నూర్జీలో ఏ లోపమూ లేదు, ఎప్పుడూ లేదు. అమ్మయ్య, మీ ఒక్కరితోనైనా అన్నాను.