చేత్తో వేసిన కుట్టు

జులేఖాబీ ఇంటికి బోర్డు లేదు. కోరుట్లలో ఆ సందు మొదట ఎవరిని అడిగినా చూపిస్తారు. ముందుగదిలో కుట్టుమిషన్, గోడకు అద్దం, ఒక మూలకు పరదా. కొలతలు పరదా వెనక. అక్కడ చెప్పిన మాట అక్కడే ఉంటుంది.

ఆమె పుట్టింది సిరిసిల్లలో. తండ్రి మరమగ్గాల షెడ్లకు నూలు మోసేవాడు. పెళ్లయి కోరుట్లకు వచ్చాక మిషన్ నేర్చుకుంది. భర్త గులాం మొహియుద్దీన్ గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. అతను రోజంతా ఊరు తిరుగుతాడు. ఆమె గది దాటదు. కానీ ఎవరు చిక్కిపోయారో, ఎవరి భుజం వంగిందో, ఎవరికి నెల తప్పిందో ఆమెకు ముందు తెలుస్తుంది. టేపు చెబుతుంది. ఆమె చెప్పదు.

రెండేళ్ల కింద సంగీత కొత్త జాకెట్టుకు కొలత ఇవ్వడానికి వచ్చింది. పరదా వెనక చాలాసేపు కొంగు తీయలేదు. జులేఖాబీ టేపు పట్టుకుని నిలబడింది. చివరికి సంగీత తనే తీసింది. ఎడమవైపు రొమ్ము లేదు. అడ్డంగా ఒక గీత ఉంది.

"జగిత్యాలల గర్భసంచి తీసిండ్రని చెప్పుకున్న. హైదరాబాద్‌ల అయింది అసలు ఆపరేషన్. నా మొగనికి తప్ప ఎవలకు ఎర్క లేదక్కా."

గర్భసంచి సంగతి ఇక్కడ ఎవరూ దాచరు. బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెప్పుకుంటారు. క్యాన్సర్ అలా కాదు. సంగీత కోరుట్ల పక్క ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇంకో ఊరి బడిలో వంటామెకు టీబీ అని బయటపడింది. మందులు వాడింది. తగ్గింది. అయినా తల్లులు గేటు ముందు నిలబడ్డారు. ఆమె మళ్లీ ఆ బడిలో గంటె పట్టలేదు.

"నాది అంటుకునేది కాదని డాక్టరు చెప్పిండు," అంది సంగీత. "గా మాట నేను ఎంతమందికి చెప్పుకోవాలె?"

జులేఖాబీ దూదితో ఒక మెత్త కుట్టి జాకెట్టు లోపల అమర్చింది. కొంగు కింద తేడా కనిపించలేదు. ఆ రోజు నుంచి సంగీత ఎప్పుడు వచ్చినా ముందు అద్దంలో ఎడమవైపు చూసుకునేది. తర్వాతే కూర్చునేది.

ఈ అక్టోబరులో ఒక సాయంత్రం చేతిలో గులాబీ రంగు టీషర్టుతో వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

పట్టణంలో డాక్టర్లు, వ్యాపారులు కలిసి వచ్చే ఆదివారం రొమ్ము క్యాన్సర్ అవగాహన పరుగు ఏర్పాటు చేస్తున్నారు. వచ్చిన చందాతో ఊరూరా తిరిగి పరీక్షలు చేసే బండి కొంటారట. మహిళా సంఘాలన్నీ రావాలన్నారు. అందరూ ఈ చొక్కా వేసుకోవాలి. ఫొటో తీస్తారు.

"రానని చెప్పు."

"చెప్పిన. మల్లక్క ఊకుంటదా? గర్భసంచి తీసినోళ్లు నలుగురు వస్తున్నరు, నీకేం రోగమే అన్నది."

మల్లక్క సంఘం పెద్ద. బడి వంట ఆమె సంఘానిదే. సరుకులు ఆమె చేతిలోనే ఉంటాయి. వంటమనిషిని పెట్టేదీ తీసేదీ ఆమే.

సంగీత చీర మీద చొక్కా వేసుకుంది. కొంగు లోపలికి పోయింది. బట్ట ఒంటికి అతుక్కుంది. రెండడుగులు వేయగానే దూది మెత్త పైకి లేచి మెడ కిందికి వచ్చింది. అద్దంలో ఇద్దరూ చూశారు.

"బరువు లేదు, అందుకే లేస్తుంది," అంది జులేఖాబీ.

బియ్యం పోసి చూసింది. మొనలు గుచ్చుకున్నాయి. వంటింట్లోకి వెళ్లి ఆవాలు తెచ్చింది. పల్చటి మల్మల్ సంచిలో పోసి అరచేతిలో తూచింది. అది చేతిలో జారి కుదురుకుంది. చుట్టూ దూది పెట్టింది. మూతి కుట్టడానికి మిషన్ మీద పెడితే ఆవగింజకు తగిలి సూది విరిగింది. రెండో సూదీ విరిగింది. మూతి చేత్తో కుట్టింది.

"ఎగురు."

సంగీత గదిలో ఎగిరింది. నిలబడింది. మళ్లీ ఎగిరింది. సిగ్గుపడుతూ నవ్వింది.

"ఊడదు గదక్కా?"

"ఊడదు."

ఆ మాట అన్నాక జులేఖాబీకి పని సాగలేదు. ఆదివారం దాకా ఆ మూతే కళ్ల ముందు ఉంది. మిషన్ కుట్టయితే ఆమెకు నమ్మకం. చేతికుట్టు నిలబడిన మనిషికి సరిపోతుంది. చెమట పట్టి, బట్ట లాగి, ఒళ్లు ఊగుతుంటే ఎంతసేపు?

ఆదివారం తెల్లవారగానే బురఖా తీసి వేసుకుంది. దారం ఎక్కించిన సూదిని లోపలి మడతలో గుచ్చుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు గులాం మొహియుద్దీన్.

"ఉర్కుడుకు."

"నువ్వా? మెట్లు దిగితేనే యా అల్లా అంటవు. ఈ ఉమర్ల రేసా?"

"నడుస్తరట గూడ."

"గెలిస్తే ఫోన్ చెయ్. బ్యాండ్ తీస్కొని వస్త."

కాలేజీ మైదానం గులాబీ రంగుతో నిండి ఉంది. పాట మోగుతోంది. రేకు డబ్బాలు పట్టుకుని కాలేజీ పిల్లలు చందాలు అడుగుతున్నారు. వేదిక మీద డాక్టరమ్మ మైకు అందుకుంది. సిగ్గుపడొద్దు, నెలకోసారి మీ రొమ్ములు మీరే చేత్తో చూసుకోండి, గడ్డ ఉంటే దాచొద్దు అంది. ఆడవాళ్లు నేల చూశారు. ఒకామె కిసుక్కున నవ్వింది.

"గా మాట మైకులనా?" అంది మల్లక్క. "మా ఆయన ఇంట్ల ఉండుడు మంచిదైంది. వింటే సిగ్గుకు సచ్చిపోతుండె."

సంగీత నవ్వలేదు. ఆమె చేతులు ఛాతీ మీద కట్టుకుని ఉన్నాయి. వెనక వచ్చి నిలబడిన జులేఖాబీని చూసింది. చేతులు దించింది.

"ఓ బీబీ, నువ్వు గూడనా?" అంది మల్లక్క. "జాకెట్లు ఎవలు కుడ్తరు ఇగ? పండుగకు ఇచ్చిన బట్ట ఇంకా ముట్టలే నువ్వు."

"రేపు ఇస్త."

"నీ రేపు ఎప్పుడత్తదో."

ఈల వేశారు. పిల్లలు ముందు ఉరికారు. ఆడవాళ్లు వేగంగా నడిచారు. ఫొటో తీసేవాడు ఎదురుగా వచ్చి ఉరకండి అమ్మా, ఉరకండి అని అరిచాడు. మల్లక్క చీర కుచ్చిళ్లు ఎగదోపి ఉరికింది. ఆమె వెంట సంఘమంతా. సంగీత కూడా.

జులేఖాబీ ఆమె ఎడమ పక్కన ఉరికింది. ఊపిరి అందలేదు. కళ్లు ఆ చొక్కా మీదే ఉన్నాయి. మెత్త కిందికీ పైకీ ఊగుతోంది. కుడివైపుతో కలిసే ఊగుతోంది. కొంతదూరం అలాగే పోయింది. బస్టాండ్ కనిపించింది. అక్కడితో అయిపోతుంది.

అప్పుడు సంగీత అడుగు తడబడింది. చెయ్యి పొట్ట మీదికి పోయింది. చొక్కా అంచు కింద నుంచి ఒక నల్ల గింజ రాలింది. తర్వాత సన్నటి ధార.

"అక్కా," అంది. ఆ గొంతు దాదాపు వినబడలేదు.

జులేఖాబీ బురఖా అంచుతో రోడ్డును కప్పబోయింది. గింజలు చెప్పుల కింద చిట్లాయి. వెనక వాళ్లు ఆగారు. ముందు పోయిన మల్లక్క కూడా వెనక్కి వచ్చింది. వంగి ఒక గింజను వేళ్ల మధ్య నలిపింది.

"ఆవాలు." తలెత్తింది. "ఏందే ఇది? జాకెట్ల ఆవాలు పెట్టుకొని ఉర్కుతున్నవా?"

సంగీత చొక్కా అంచును రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"మొన్ననే పాకిటు తెచ్చి పోసిన. డబ్బా అప్పుడే సగమైందంటివి. పోపు ఎక్కువేస్తున్నవనుకున్న. గిట్లనా ఇంటికి మోసేది?"

చుట్టూ నవ్వులు. ఎవరో ఫోన్ పైకెత్తారు. సంగీత జులేఖాబీ వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది. కొద్దిగా. ఒక్కసారే.

"అవును మల్లక్కా," అంది. "బడివే. తప్పయింది."

జులేఖాబీ నోటిదాకా మాట వచ్చింది. ఒక్క మాట చాలు దొంగతనం నింద పోవడానికి. ఆ మాటతోనే సంగీత వంటపనీ పోతుంది.

"తియ్యి ఇటు, ఎంతున్నయో చూస్త," అని మల్లక్క చెయ్యి చాపింది. ఆడవాళ్ల మధ్య సంకోచం లేని చెయ్యి. అది నేరుగా చొక్కా మెడలోకి పోతోంది.

జులేఖాబీ ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా.

"వద్దు."

"నీకేందమ్మా నడుమ?"

"చెయ్యి పెట్టకు. నీ కాళ్లు మొక్కుత."

మల్లక్క ఆమె ముఖం చూసింది. కొలతలు తీసే మనిషి ముఖం. తర్వాత సంగీతను చూసింది. చొక్కా కుడివైపు నిండుగా ఉంది. ఎడమవైపు బట్ట చదునుగా జారి, చెమటకు ఎముకల మీద అతుక్కుని ఉంది. మల్లక్క అక్కడే చూస్తూ ఉండిపోయింది. చేతిని వెనక్కి లాక్కుంది. రోడ్డు మీద పాట మోగుతూనే ఉంది.

మల్లక్క తన మెడలో ఉన్న తువ్వాల తీసింది. సంగీత భుజాల మీద వేసి ముందుకు లాగి ముడి వేసింది.

"దొంగముండ," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "బడి ఆవాలకు గతి లేదా నీకు? చూసిండ్రా, గిదీ దీని బతుకు. ఏం చూస్తరే, మీ ఇండ్లకు బడి నూనె పోలేదా? ఆ ఫోన్ దించు పిల్లా, పగలగొడ్త. పదండ్రి, ఫొటో తీస్తరట."

అందరూ కదిలారు. ఫొటోలో సంగీత వెనక వరుసలో తువ్వాల కప్పుకుని నిలబడింది. మల్లక్క ఆమె ముందు నిలబడింది. 

ఆ రోజు జులేఖాబీ మిషన్ ముందు కూర్చుంది కానీ తొక్కలేదు. మల్లక్క చూపులో ఏముందో తనకు తెలుసు. రాత్రికి ఆ సంగతి ఎన్ని ఇళ్లకు చేరుతుందో తెలియదు. మల్లక్క నోరు ఆమెకు బాగా తెలుసు. పరదా వెనక నిలబడి ఊరందరి సంగతులూ చెప్పే నోరది. సోమవారం పొద్దున గులాం మొహియుద్దీన్ రెండుసార్లు పిలిచినా వినలేదు. ఇప్పుడు బడి గేటు ముందు ఎవరైనా నిలబడ్డారేమో. ఫోన్ చేద్దామనుకుని ఆగింది. ఎత్తేది సంగీత కాకపోతే ఏం చెప్పాలి?

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"అక్కా, వండిన."

జులేఖాబీ ముందు తలుపు దగ్గరికి వేసింది. "గేటు కాడ ఎవలన్న వచ్చిండ్రా?"

"రాలే."

"మల్లక్క?"

"పొద్దుగాలనే వచ్చి కూసున్నది. పిల్లల ముందట్నే దొంగ అన్నది. పంతులు గూడ నవ్విండు. పోపు తనే ఏసింది. ఆవాల డబ్బా ఇంటికి తీస్కపోయింది."

"ఇంకేమన్న అన్నదా? గా సంగతి?"

"ఏం అన్లే." సంగీత గొంతు తగ్గించింది. "అన్నం వండిన పెద్ద గంజు పొయ్యి మీంచి దించవోతే ఎడమ చెయ్యి పట్టుకొని పక్కకు జరిపింది. దొంగదానికి గంజెందుకే, జరుగు అన్నది. తనే దించింది."

"రేపు?"

"రేపు గూడ రమ్మన్నది."